మన్రో దొర తెచ్చిన కోర్టు, బొండకొయ్య

రాయలసీమలో దేవుడి పక్కన చోటు దక్కిన తెల్లదొర ఒక్కడే. పేరు థామస్ మన్రో. తిరుమలలో శ్రీవారికి మన్రో గంగాళం పేరుతో నైవేద్యం పెట్టే ఆనవాయితీ గురించి తిరుపతిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడని ఒక కథ. గండి ఆంజనేయస్వామి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనిపించిందని, అది కనిపించినవాళ్లు ఎక్కువకాలం బతకరని ఇంకో కథ. ఒకప్పుడు దత్తమండలాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు.

ఈ కథలు వింటూ పెరిగినవాళ్లలో నేనూ ఒకడిని. పరిశోధన కోసం 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్లు చదవడం మొదలుపెట్టాక మాత్రం నాకు ఇంకో మన్రో కనిపించాడు. ఆయన కోర్టును సామాన్య రైతు గడప దగ్గరికి తెచ్చాడు. ఖర్చు తగ్గించాడు, తీర్పు చెప్పే అధికారాన్ని ఈ దేశం మనుషుల చేతుల్లో పెట్టాడు. ఇవన్నీ నిజమే. అయితే ఆ అధికారం ఈ దేశంలో ఎవరి చేతుల్లోకి వెళ్లింది? కోర్టు ఎవరి గడప దగ్గరికి వచ్చింది? ఈ రెండు ప్రశ్నలు మన్రోను కొలిచే కథల్లో ఎక్కడా కనిపించవు. మన వాడల నుంచి చూస్తే ఆయన జీవితంలో ముందుగా అడగాల్సినవి ఇవే.

గ్లాస్గో నుంచి దత్తమండలాల దాకా

మన్రో 1761 మే 27న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో పొగాకు వ్యాపారి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతింది. కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. అదే ఏడాది హైదరాలీ కర్ణాటకం మీదికి దండెత్తాడు. మన్రో తొలి అనుభవం ఆ యుద్ధమే. రెండేళ్ల తర్వాత, 1782 డిసెంబరులో, హైదరాలీ చిత్తూరు దగ్గర తన శిబిరంలోనే చనిపోయాడు. ఈ ప్రాంతంతో మన్రో పరిచయం కత్తితో మొదలైంది, కలంతో కాదు.

1792లో మూడో మైసూరు యుద్ధం ముగిశాక ఆయనను బారామహల్‌కు పంపారు. నేటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతాలవి. అక్కడ అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్లపాటు శిస్తు లెక్కలు నేర్చుకున్నాడు. జమీందారును మధ్యలో పెట్టకుండా నేరుగా రైతుతోనే శిస్తు ఒప్పందం చేసుకునే పద్ధతి అక్కడే రూపుదిద్దుకుంది. తర్వాత దానికే రైత్వారీ అని పేరు వచ్చింది.

టిప్పు సుల్తాను దగ్గర నుంచి తనకు దక్కిన భూభాగాలను నిజాం 1800లో కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలంటే అవే. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం వాటిలోకి వచ్చాయి. తర్వాత 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పటిదాకా కడప జిల్లావే. కాబట్టి అవి కూడా మన్రో ఏలుబడిలో ఉన్న నేలే. 1800 నుంచి 1807 వరకు ఆయన ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. దాదాపు 80 మంది పాళెగాళ్లను అణిచాడు. డేరాలు వేసుకుని ఊరూరూ తిరిగాడు. పొలాలు కొలిపించి శిస్తు కట్టించాడు. వెళ్లిపోయే ముందు, 1807లో, శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. కంపెనీ అప్పుడు వినలేదు. సీమ రైతుల్లో ఆయనకు మంచిపేరు రావడానికి కారణాలు లేకపోలేదు.

అయితే ఆయన చూసిన రైతు ఎవరు? లెక్కల్లో పేరున్నవాడు, పట్టా పట్టినవాడు. ఆ పొలంలో నాగలి పట్టిన జీతగాడు, కళ్లం ఊడ్చిన ఆడమనిషి, చచ్చిన గొడ్డును మోసిన మాదిగ, ఊరి కబురు మోసిన మాల వెట్టివాడు ఆ లెక్కల్లో రైతులు కారు. శిస్తు కట్టేవాడినే మనిషిగా చూసే కళ్లతో ఆయన తర్వాత కోర్టులను చూశాడు. ఆయన న్యాయ సంస్కరణ మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

రైతుకు అందని కోర్టు

మన్రో మార్చాలనుకున్న కోర్టు ఎలా ఉండేదో ముందు చూద్దాం. బెంగాల్‌లో 1793లో కార్న్‌వాలిస్ పెట్టిన పద్ధతినే 1802లో మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. కింద జిల్లా కోర్టు, ఆ పైన ప్రొవిన్షియల్ కోర్టు, మద్రాసులో సదర్ అదాలతు. రాజధాని మొత్తానికి ప్రొవిన్షియల్ కోర్టులు నాలుగే. మచిలీపట్నం, తిరుచిరాపల్లి, తెల్లిచ్చేరిలతో పాటు నాలుగోది చిత్తూరు. ఈ రోజు చిత్తూరులో కోర్టు ఆవరణ ముందు టీ తాగే వకీళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, రెండు వందల ఏళ్ల కింద ఈ ఊరు పెద్ద అప్పీలు కోర్టున్న ఊరు.

ఆ కోర్టులో జడ్జి ఇంగ్లీషువాడు. ఆయన పక్కన హిందూ ధర్మశాస్త్రం చెప్పడానికి పండితుడు, మహమ్మదీయ చట్టం చెప్పడానికి మౌల్వీ. దావా రాతపూర్వకంగా వేయాలి. దానికి ప్రతివాది జవాబు, ఆ జవాబుకు వాది బదులు, దానికి మళ్లీ ప్రతివాది బదులు. అన్నీ కాగితం మీదే. మదనపల్లె వైపు పల్లెలోని రైతుకు పాతిక రూపాయల బాకీ రావాలంటే కడప దాకా రోజుల తరబడి నడవాలి. సాక్షులను వెంట తీసుకెళ్లి వాళ్ల కూడు, బస చూసుకోవాలి. వకీలును పెట్టుకోవాలి. జడ్జికి తన భాష రాదు, తనకు కోర్టు భాష రాదు. వాయిదాల మీద వాయిదాలు పడేవి. బాకీ కన్నా ఖర్చే ఎక్కువయ్యేది.

కలెక్టరుగా డేరాల్లో తిరిగిన రోజుల్లో మన్రో ఇదంతా కళ్లారా చూశాడు. ఆయన వాదం సూటిగా ఉండేది. ఊరి తగాదా ఊరి మనుషులకే బాగా అర్థమవుతుంది. సాక్షి అబద్ధమాడుతున్నాడో లేదో పక్కింటివాడికి తెలిసినంతగా పరాయి జడ్జికి తెలియదు. ఈ దేశస్థులను అన్ని పెద్ద పదవుల నుంచీ తప్పించి వాళ్లకు నిజాయితీ లేదనడం అన్యాయం. ఆనాటి ఇంగ్లీషు అధికారుల్లో ఈ మాట ఇంత గట్టిగా చెప్పినవాళ్లు తక్కువ. ఆ మాట విలువను తగ్గించాల్సిన పని లేదు.

1816: ఒకే ఏడాది, ఒకే మనిషికి రెండు అధికారాలు

మన్రో 1807లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లాడు. 1813లో కంపెనీ చార్టరును పొడిగించే సమయంలో పార్లమెంటు ముందు సాక్ష్యం ఇచ్చాడు. ఆయన వాదం కంపెనీ డైరెక్టర్లకు నచ్చింది, అది ఖర్చు తగ్గించే వాదం కూడా మరి. 1814లో మద్రాసు న్యాయవ్యవస్థను సవరించాలని ఆదేశిస్తూ, ఒక కమిషన్‌కు ఆయనను అధ్యక్షుడిగా పంపారు. ఆ కమిషన్‌లో రెండో సభ్యుడు జార్జ్ స్ట్రాటన్. మద్రాసులోని పాత అధికారులు, జడ్జీలు కాలయాపన చేశారు, అడ్డుకున్నారు. చివరికి 1816లో వరుసగా రెగ్యులేషన్లు వచ్చాయి.

వాటిలో నాలుగో రెగ్యులేషన్ గ్రామ మున్సబులది. ఊరి పెద్దే ఊరి మున్సబు. పది రూపాయల లోపు బాకీలు, చరాస్తి తగాదాలు ఆయన విని తీర్పు చెప్పవచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటే వంద రూపాయల దాకా మధ్యవర్తిగా తీర్చవచ్చు. ఐదో రెగ్యులేషన్ గ్రామ పంచాయితీలది. ఆరోది జిల్లా మున్సిఫులది. రెండు వందల రూపాయల దాకా దావాలు వినే ఈ పదవిలో భారతీయులే కూర్చున్నారు. తర్వాతి ఏళ్లలో వాళ్ల పరిమితి పెరుగుతూ పోయింది, కింది కోర్టుల భారం క్రమంగా వాళ్ల మీదే పడింది. ఈ రోజు జూనియర్ సివిల్ జడ్జి అని పిలిచే పదవి మూలాలు అక్కడివే. మన తాతలకు మాత్రం అది మున్సిఫు కోర్టే. మన్రో ఎంతో ఆశ పెట్టుకున్న పంచాయితీలు పెద్దగా నడవలేదు. జనం వాటి దగ్గరికి పోలేదు.

సంస్కరణ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పేజీలు ఇంకొంచెం తిప్పితే పదకొండో రెగ్యులేషన్ వస్తుంది. అది పోలీసు పనిది. అంతకుముందు పోలీసు అధికారం జిల్లా జడ్జి కింద ఉండేది. దాన్ని ఆయన నుంచి తీసేసి పైన కలెక్టరుకూ కింద ఊరి పెద్దకూ ఇచ్చారు. ఊరిలో తిట్టుకోవడం, చిన్నపాటి కొట్లాట లాంటి వాటికి ఊరి పెద్ద మనిషిని పన్నెండు గంటల దాకా చావడిలో నిర్బంధించవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. తప్పు చేసినవాడు తక్కువ కులంవాడైతే, అంతటి అవమానకరమైన శిక్ష వేయడం అనుచితం కాని కులాలవాడైతే, ఆరు గంటల దాకా బొండలో వేయవచ్చు.

బొండ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. రెండు మొద్దు చెక్కల మధ్య చేసిన కంతల్లో కాళ్లు పెట్టి బిగించేవాళ్లు. నడిబజారులో, నలుగురూ చూసేచోట, ఎండలో. అది ఒంటికి ఎంత నొప్పో, మనసుకు అంతకన్నా ఎక్కువ నొప్పి. అవమానమే ఆ శిక్ష అసలు ఉద్దేశం. ఆ అవమానం ఎవరికి తగుతుందో కులాన్ని బట్టి నిర్ణయించుకోమని అచ్చయిన చట్టమే చెప్పింది. ఊరి ఆచారాన్ని కంపెనీ చూసీచూడనట్టు వదిలేసిందని సర్దిచెప్పుకోవడానికి లేదు. దాన్ని రాసి, అంకె వేసి, గంటలు లెక్కగట్టి చట్టం చేసింది.

ఇప్పుడు నాలుగో రెగ్యులేషన్‌నూ పదకొండో రెగ్యులేషన్‌నూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండింటిలోనూ అధికారం ఒక్కడిదే. ఆ ఊరి పెద్దే శిస్తు వసూలు చేస్తాడు. సివిల్ దావా వినేది ఆయనే, చావడిలో పెట్టేదీ ఆయనే. ఆయన ఏ కులంవాడో చెప్పనక్కర్లేదు. లెక్కలు రాసే కరణం ఏ కులంవాడో కూడా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఒక పాలేరును ఊహించుకోండి. ఏడాది జీతం కింద రావాల్సిన గింజలో, పది రూపాయలో ఆసామి ఎగ్గొట్టాడు. కాగితం మీద అతడికి దావా వేసే హక్కు ఉంది. దావా వేయాల్సింది ఆసామి బంధువో, లేదా ఆసామే అయిన మున్సబు ముందు. అక్కడ గొంతు కాస్త పెంచితే అది తిట్టు కింద లెక్క. తిట్టుకు బొండ. దావా వేయడానికి వెళ్లినవాడు బొండలో కూర్చుని ఇంటికి రావచ్చు. ఇక కోర్టు గడప ఎవరు తొక్కుతారు?

న్యాయం దగ్గరికి రావడం ఒక సంగతి, న్యాయం చెప్పేవాడు తన యజమానే కావడం ఇంకో సంగతి. మన్రో మొదటి సమస్యను తీర్చాడు. రెండో సమస్యను చట్టంగా మార్చాడు. దూరంగా ఉన్న కడప కోర్టు పాలేరుకు అందేది కాదు, నిజమే. ఊరిలోకి వచ్చిన కోర్టు అతడి మెడ మీదే కూర్చుంది.

తలుపు తెరుచుకుంది, కొందరికే

భారతీయులకు జడ్జి పదవులు ఇవ్వాలన్న మన్రో ఆలోచన తర్వాతి తరంలో ఎలా పండిందో చెప్పడానికి చిత్తూరు నుంచే ఒక ఉదాహరణ ఉంది. కలమూరు వీరవల్లి రంగనాథ శాస్త్రి 1819లో చిత్తూరు దగ్గరి ఒక పల్లెలో పేద బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. తండ్రి సంస్కృత పండితుడు. భూమి కౌలు బాకీ పడి జైలు పాలయ్యాడు. ఇంట్లో తిథి పెట్టాల్సిన రోజు దగ్గరపడితే, చిన్న పిల్లాడైన రంగనాథ శాస్త్రి చిత్తూరు జడ్జి క్యాసమేజర్ దగ్గరికి వెళ్లి, తండ్రిని వదలమని, ఆయనకు బదులు తానే జామీనుగా ఉంటానని అడిగాడని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. జడ్జి మనసు కరిగింది. తండ్రిని వదిలాడు, పిల్లాడికి ఇంగ్లీషు చదువు చెప్పించాడు. ఆ పిల్లాడు అనేక భాషలు నేర్చి, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసి, తర్వాత మద్రాసు స్మాల్ కాజెస్ కోర్టులో జడ్జి అయ్యాడు. చిన్న బాకీల తగాదాలను తక్కువ తతంగంతో తీర్చే కోర్టు అది. బాకీ కింద జైలుకెళ్లిన మనిషి కొడుకు బాకీల కోర్టులోనే జడ్జి కావడం నిజంగా గొప్ప సంగతి. ఆయన 1881లో చనిపోయాడు.

ఆ పిల్లాడి ధైర్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాకపోతే అదే చిత్తూరు పక్కన, అదే ఏడాది, ఒక మాలపల్లెలో తండ్రి బాకీకి నిర్బంధంలో ఉన్న పిల్లాడు ఎవరి వాకిలి దాకా వెళ్లగలిగేవాడు? అతడి మాటను ఎవరు జామీనుగా తీసుకునేవాళ్లు? జామీను అనేది చట్టంలో ఒక పదం. ఊరిలో మాత్రం అది కులం, భూమి, పరపతి. తెరుచుకున్న తలుపులోంచి ముందు ఎవరు వెళ్లారో ఆనాటి మున్సిఫుల, జడ్జీల పేర్లు చూస్తే తెలుస్తుంది. పొరుగు ఉత్తర ఆర్కాటు ప్రాంతం నుంచి జిల్లా మున్సిఫుగా మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎదిగిన ఎ. వరదరాజన్ 1980లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆ కోర్టులో తొలి దళిత న్యాయమూర్తి ఆయనే. మున్సిఫు పదవి పుట్టిన 1816 నుంచి లెక్కేస్తే 164 ఏళ్లు.

గవర్నరు మన్రో, పత్తికొండలో మరణం

రెగ్యులేషన్లు వచ్చాక మన్రో 1817-18 మరాఠా యుద్ధంలో మళ్లీ కత్తి పట్టాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరు అయ్యాడు. తాను 1807లో అడిగిన శిస్తు తగ్గింపును దత్తమండలాల్లో అప్పుడు అమలు చేయించాడు. దేశీయ బడుల లెక్క తీయించాడు. ఊరి పెద్ద, కలెక్టరు అనే రెండు స్తంభాల మీద పాలన నిలబెట్టాడు. శిస్తు, పోలీసు, మెజిస్ట్రేటు అధికారాలు ఒకే చేతిలో ఉంటే పని చురుగ్గా సాగుతుందని ఆయన నమ్మకం.

ఆ నమ్మకం ఎక్కడికి దారితీసిందో ఆయన పోయాక బయటపడింది. మద్రాసు రాజధానిలో చిత్రహింసల ఆరోపణల మీద వేసిన కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలు కోసం కింది ఉద్యోగులు జనాన్ని వంచి కట్టడం, వేళ్లు నొక్కడం, ఎండలో నిలబెట్టడం మామూలైపోయిందని తేల్చింది. వసూలు చేసేవాడే పోలీసు కూడా అయితే ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలి? ఆ నివేదిక తర్వాతే, 1859లో, మద్రాసులో శిస్తు శాఖ నుంచి విడదీసి ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పాటు చేశారు. కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయాలని మన రాజ్యాంగం 50వ అధికరణంలో రాసుకోవడం వెనుక ఇలాంటి అనుభవాలు చాలా ఉన్నాయి.

మన్రో అదంతా చూడలేదు. పదవి వదిలి ఇంగ్లండు వెళ్లబోయే ముందు దత్తమండలాలను చివరిసారి చూడాలని బయలుదేరాడు. దారిలో కలరా సోకి 1827 జూలై 6న పత్తికొండలో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత ఆయన అవశేషాలను మద్రాసు సెయింట్ జార్జి కోటలోని చర్చికి తరలించారు. 1839లో మద్రాసులో గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం నిలబెట్టారు. అది ఇప్పటికీ ఉంది.

మిగిలిపోయిన అరుగు

ఆయన పెట్టిన ఊరి కోర్టు ఆయనతో పోలేదు. 1888 మద్రాసు గ్రామ న్యాయస్థానాల చట్టంతో అది కొత్త రూపంలో కొనసాగింది. కోర్టు అధికారాలు క్రమంగా పోయినా మునసబు, కరణం పదవులు మాత్రం వంశపారంపర్య పలుకుబడితో మన ఊళ్లలో ఉండిపోయాయి. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసేదాకా ఆ అరుగు కదల్లేదు. 1816 నుంచి 168 ఏళ్లు. మునసబు అరుగు ముందు నిలబడటమంటే ఏమిటో మా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. చెప్పులు చేతిలో పట్టుకోవాలి, కండువా చంకలో పెట్టుకోవాలి, అడిగితేనే నోరు తెరవాలి. అది కోర్టా, కచేరీయా, దొరగారి ఇంటి వాకిలా అన్నది వాళ్లకు వేరువేరుగా ఎప్పుడూ అనిపించలేదు. మూడూ ఒకటే.

ఈ రెండు వందల ఏళ్లలో మనవాళ్లకు సివిల్ చట్టంలో దక్కిన మేలు చాలావరకు ఊరి ఆచారానికి కోర్టు తలవంచకుండా ఆపిన చోటే దక్కింది. 1843 చట్టం బానిస మీద యజమానికి ఉందనే హక్కును ఏ కోర్టూ అమలు చేయకూడదని చెప్పింది. తమిళ, మలబారు జిల్లాల్లో పొలంతో పాటు చేతులు మారిన మనుషులకు అది పెద్ద మాట. 1927లో మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు సవర్ణులు అంబేడ్కర్ మీద వేసింది సివిల్ దావానే. డిసెంబరులో తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చి రెండో సత్యాగ్రహాన్ని అడ్డుకున్నారు. ఆ దావా 1937లో బొంబాయి హైకోర్టులో మన పక్షాన తేలేసరికి పదేళ్లు పట్టింది. తగాదా చెరువు గురించైనా ఆయుధం మాత్రం సివిల్ ప్రొసీజరే. అంటరానితనాన్ని ఆచారంగా చూపితే కోర్టులు గుర్తించకూడదని మన మద్రాసు రాజధానిలో 1938లో చట్టం వచ్చింది. దాని వెనుక ఎం.సి. రాజా కృషి ఉంది. దళితుల మీద తప్పుడు, వేధింపు దావాలు వేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరమైంది. ఈ వరుస చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ప్రొసీజర్ అనేది గుమాస్తాల వ్యవహారం కాదు. ఎవరు ఎవరి మీద దావా వేయగలరు, ఎవరి ముందు, ఎంత ఖర్చుతో అన్నదాంట్లోనే కులం బతుకుతుంది, లేదా చస్తుంది.

అలాగని కోర్టు దగ్గరికి రావడం అవసరం లేదని కాదు. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోసినప్పుడు, బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో తీర్పు వచ్చింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది, ఆ గాయం వేరే కథ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మన్రో అడిగిన కోర్టు, చుండూరు అడిగిన కోర్టు రెండూ ఊళ్లోనివే. మన్రో కోర్టులో ఊరి పెద్ద జడ్జి స్థానంలో కూర్చున్నాడు. చుండూరు కోర్టులో ఊరి పెద్దకులాలు ముద్దాయిల స్థానంలో నిలబడాల్సి వచ్చింది. దగ్గరితనం ఒక్కటే, అధికారం తిరగబడింది.

2008లో వచ్చిన గ్రామ న్యాయాలయాల చట్టం మళ్లీ ఊరికి కోర్టు తెస్తానంటోంది. ఈసారి న్యాయాధికారి ఊరి పెద్ద కాదు, శిక్షణ పొందిన జ్యుడీషియల్ మెజిస్ట్రేటు. నియామకాల్లో ఎస్సీలకు, ఎస్టీలకు, మహిళలకు ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఇది 1816 నేర్పిన పాఠమో కాదో గానీ, నేర్వాల్సిన పాఠం మాత్రం అదే. మీ మండలంలో అలాంటి న్యాయాలయం ఉందా, ఉంటే అందులో ఎవరు కూర్చున్నారు, సమన్లు ఎవరి చేతికి అందుతున్నాయి, దళితవాడ నుంచి ఎన్ని దావాలు వచ్చాయి అన్నవి ఒక సమాచార హక్కు దరఖాస్తుతో అడగదగిన ప్రశ్నలు. మన్రో విగ్రహం ముందు నిలబడి అడిగే ప్రశ్నల కన్నా ఇవి మనకు పనికొస్తాయి.

ఆయన మంచివాడా చెడ్డవాడా అని ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను. ఆయన ఊరిని బాగా చూశాడు, వాడను చూడలేదు. ఊరిని మాత్రమే చూసినవాడు ఎంత మంచి చట్టం రాసినా, దాని చివర్లో ఎక్కడో ఒకచోట బొండకొయ్య ఉంటుంది. కోర్టుల సంస్కరణ గురించి ఈ రోజు ఎవరు ఏ నివేదిక తెచ్చినా, ముందు ఆ చివరి పేజీలు తిప్పి చూడటం మన పని.